ఓబులేసు తెచ్చిన కెమెరా

కేశవులు చేతికి లొంగని వస్తువు లేదని కడపలో పేరు. పదేళ్ళు గడియారాలు బాగుచేసి, నలభయ్యో ఏట కెమెరాల పని నేర్చుకుందామని గఫూర్ సాబ్ దగ్గర చేరాడు. ఏడాది తిరిగేసరికి ఏ కెమెరాలో ఏది ఎక్కడుంటుందో అంతా పట్టేశాడు. అయినా అతని చేతిలో పడ్డవాటిలో కొన్ని మళ్ళీ లేచేవి కావు. గురువు ఏమీ అనేవాడు కాదు. ఆయన అనకపోవడమే కేశవులుకు కష్టంగా ఉండేది.

ఒక ఉదయం ఓబులేసు అనే అడవి వాచర్ కొట్టుకు వచ్చాడు. తువ్వాలు మడతల్లోంచి చిన్న డిజిటల్ కెమెరా తీసి బల్లమీద పెట్టాడు. లెన్సు సగం బయటికొచ్చి ఆగిపోయింది. మీట నొక్కితే కిర్రుమని, తెరమీద ఏవో అక్షరాలు చూపించి ఆరిపోతోంది.

"దీంట్లో ఒక పిట్ట ఉండాది సార్," అన్నాడు ఓబులేసు. "మా తాత చూసినాడంట. తరవాత ఎవురూ చూళ్ళేదు. అది తిరిగే పొదలన్నీ కొట్టేసి దారి ఏస్తామంటాండారు. రేపు మా ఫారెస్టు పెద్దసారు వస్తాడు. నేను నోటితో చెప్తే నవ్వుతారు. ఇది చూపిస్తే నవ్వరు."

"కార్డు తియ్యి, కంప్యూటర్లో చూద్దాం," అన్నాడు కేశవులు.

"కార్డు లేదు సార్. ఆ ఒక్క ఫోటో దాని కడుపులోనే ఉండాది."

కేశవులు కెమెరా అందుకుని, బొటనవేలితో లెన్సును లోపలికి నొక్కాడు. కదల్లేదు. ఇంకాస్త గట్టిగా నొక్కాడు. లోపలెక్కడో పళ్ళచక్రం జారిన చప్పుడయింది. ఓబులేసు కళ్ళు మూసుకున్నాడు.

"విప్పాల్సిందే," అంటూ కేశవులు స్క్రూడ్రైవర్ తీశాడు.

పక్కనే కూర్చున్న గఫూర్ సాబ్ చెయ్యి చాచాడు. కెమెరాను చెవి దగ్గర పెట్టుకుని ఒక్కసారి మీట నొక్కి, విన్నాడు.

"ఇది ఎక్కడ పడిందయ్యా?"

"పళ్ళేదు సాబ్. ఏటి ఇసకలో ఆనించి తీసినా."

గఫూర్ సాబ్ బల్లమీద తెల్లగుడ్డ పరిచాడు. లెన్సు కిందికి ఉండేలా కెమెరాను పట్టుకున్నాడు. లెన్సు చుట్టూ ఉన్న సన్నని సందులోకి పల్చటి కాగితం ముక్క దూర్చి, మెల్లగా చుట్టూ తిప్పాడు. రబ్బరు బుడ్డితో గాలి కొట్టాడు. మళ్ళీ కాగితం తిప్పాడు. బయట ఎండ మెట్టు దాకా వచ్చేసరికి గుడ్డమీద మూడు ఇసుక రేణువులు రాలాయి.

కెమెరాను కేశవులు చేతికిచ్చాడు.

"మీట నొక్కు. లెన్సును ముట్టుకోకు."

నొక్కాడు. కిర్రుమని ఆగింది. కేశవులు బొటనవేలు దానంతటదే లెన్సు మీదికి పోయింది. గురువు ఆ వేలిని పట్టుకుని పక్కకు పెట్టాడు.

"కాస్త సాయం చేస్తే వస్తుంది ఉస్తాద్."

"అది బయటికి రావాలని చూస్తోంది. నువ్వు ఇందాకటి నుంచి లోపలికి నెడుతున్నావు."

కేశవులు మళ్ళీ మీట నొక్కాడు. ఈసారి కిర్రుమంటూ కొంచెం జరిగి ఆగింది. బొటనవేలిని పిడికిట్లో ముడుచుకుని మూడోసారి నొక్కాడు. లెన్సు తడబడుతూ, ఒక్కో పొరే జారుతూ, పూర్తిగా బయటికొచ్చింది. తెర వెలిగింది.

ఓబులేసు వంగి ఆ ఫోటోను తెరమీదికి తెచ్చి చూపించాడు. ముళ్ళపొద నీడలో సన్నకాళ్ళ పిట్ట ఒకటి నిలబడి ఉంది. దాని కంట్లో వెలుగు చుక్క కూడా కనిపిస్తోంది.

కేశవులు చాలాసేపు చూశాడు.

"ఇంత దగ్గరికి ఎట్లా పోయినావయ్యా?"

"నేనెక్కడ పోతి సార్," అన్నాడు ఓబులేసు. "ఇసకలో బోర్ల పండుకోని, కదలకుండా ఉంటి. అదే వచ్చె."

కేశవులు కెమెరాను తెల్లగుడ్డమీద ఉంచి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాడు.