కందెన లేని బండి

అది శుభకృత్ నామ సంవత్సరం, ఎండాకాలం. పొట్ట తగ్గాలని, సేనను నడిపే దళవాయి బసవభూపతి కోటంతటా నెయ్యీ నూనే మాన్పించాడు. తాను మాత్రం పూటకు నలభై బెల్లం కుడుములు మింగేవాడు. ఆయన పొట్ట పెరిగింది, భటులు ఎండిపోయారు. వాళ్లలో ఒకడైన, బండివాడు సుంకన్న కొడుకు, బల్లెం ఎత్తలేకపోయాడు.

ఇరుసు పోయినా సరే అనుకుని, సుంకన్న తన బండి ఇరుసుకున్న కందెన తుడిచేశాడు. బెల్లం బస్తాలు రెట్టింపు ఎత్తి, దళవాయిని ఎక్కించుకున్నాడు. కోట ఎక్కే దారిలో ఇరుసు పొగలు కక్కి విరిగింది.

"కందెన ఏదిరా?"

"మాన్పించాను దొరా, బండి తేలికవుతుందని."

"వెర్రివాడా, బరువు బస్తాలది గానీ కందెనదా?"

"ఆ మాట తమరి నోటనే వినాలని ఇలా చేశాను. కుడుములు తగ్గించండి. మావాడి ముద్దలో చెంచాడు నెయ్యి వేయించండి."

మర్నాటి నుంచి దళవాయికి నాలుగే కుడుములు, భటులకు చెంచాడు నెయ్యి. కొత్త ఇరుసు చెక్కుకునేదాకా సుంకన్న రెండు నెలలు మూటలు మోశాడు.