పద్యంలో పట్టని పేరు

అనగనగా, మన తాతల తాతలు కూడా పుట్టకముందు, చంద్రవీడు అనే రాజ్యం ఉండేది. దాన్ని కుముదసేనుడనే రాజు ఏలేవాడు. ఆయనకు పద్యమంటే ప్రాణం. ప్రాణమంటే మాత్రం అంత పట్టింపు లేదు.

ఆ సభలో ఒక ఆచారం ఉండేది. రాజుగారికి మొర పెట్టుకోవాలంటే పద్యంలోనే పెట్టుకోవాలి. పద్యంలో తప్పుంటే మొర చెల్లదు. పద్యం కానిది ఆ సభలో వినబడదు. పద్యం చెప్పలేనివాళ్ళు ఏమైపోవాలి, అని అడగడానికి కూడా పద్యమే కావాలి కదా! అందుకని ఎవరూ అడగలేదు.

ఆ ఊళ్ళో కొమరయ్య అనే కుమ్మరి, అతని తమ్ముడు యల్లమంద ఉండేవారు. అన్న కుండలు చేసేవాడు, తమ్ముడు మోసుకెళ్ళి అమ్మేవాడు. ఒకసారి కొమరయ్య తొందరలో సరిగా ఆరని కుండను కాల్చడానికి ఆవంలో పెట్టాడు. తమ్ముడు దాన్ని కోటలో ఇచ్చివచ్చాడు. అది రాజుగారి పడకగదిలో పగిలి పట్టుపరుపు తడిసింది. భటులు వచ్చి, కుండ తెచ్చినవాణ్ణి పట్టుకుపోయి నేలమాళిగలో పడేశారు.

"కుండ చేసింది నేను బాబూ! వాడు మోసినవాడే!" అని కొమరయ్య మొత్తుకున్నాడు.

"పద్యంలో చెప్పుకో పో," అన్నారు భటులు.

కొమరయ్య అనంతశయనం పంతులుగారి కాళ్ళ మీద పడ్డాడు. పంతులుగారు మంచివారు. ఆటవెలది నేర్పడానికి ఒప్పుకున్నారు.

"నిలిపి పలికితే గురువు, తేల్చి పలికితే లఘువు. వాటిని వరస తప్పకుండా పేర్చితే గణాలు. తెలిసిందా నాయనా?"

కొమరయ్య పచ్చికుండను చెక్కతో తడుతూ గణాలు వల్లించాడు. గురువుకు గట్టిదెబ్బ, లఘువుకు చిన్నదెబ్బ. ఎన్ని కుండలు సొట్టలు పోయాయో! నడివయసులో చదువు ఎవరికైనా కష్టమే. పైగా తమ్ముడు చెరలో ఉండగా చదివే చదువు. ఒక్కోసారి చెక్క పక్కన పడేసి వెక్కివెక్కి ఏడ్చేవాడు.

చివరికి నాలుగు పాదాలు కూర్చుకుని సభకు వెళ్ళాడు. కుండ నేను చేశాను, యల్లమంద మోశాడు, తప్పు నాది, తమ్ముణ్ణి విడవండి, అని అందులో ఉంది.

ఆస్థాన పండితుడు వేళ్ళు మడిచి లెక్కపెట్టి, "గణాలు తప్పాయి. తరవాత!" అన్నాడు.

బయట చెరసాల కావలివాడు కలిశాడు. "నీ తమ్ముడు దగ్గుతున్నాడయ్యా. లోపల నేలంతా చెమ్మ. అన్నను తొందరగా రమ్మన్నాడు."

కొమరయ్య పరుగున పంతులుగారి దగ్గరికి వెళ్ళాడు. కుండ చేసింది నేను, అన్న మాట దగ్గరే గణం చెడిందని తేలింది.

"ఉండు నాయనా, మరోలా కూర్చుదాం. నాలుగు రోజులు ఓపిక పట్టు," అన్నారు పంతులుగారు.

"నాకు ఓపిక ఉండి ఏం లాభం పంతులుగారూ? అక్కడ వాడికి ఊపిరాడటం లేదు!" అని కొమరయ్య ఆ మాట తీసేశాడు. గణాలు కుదిరాయి.

రెండోసారి వెళ్ళాడు. పండితుడు విని, "యతి తప్పింది. తరవాత!" అన్నాడు.

యతి అంటే ఏమిటంటారా? పాదం మొదట్లో ఏ అక్షరం ఉంటే, నడుమ ఒకచోట దానికి చుట్టమైన అక్షరం రావాలి. ఆ చోట యల్లమంద పేరు వచ్చి కూర్చుంది. చుట్టరికం కుదరలేదు.

ఈసారి కావలివాడు తలెత్తి చూడలేదు. "వాడు లేవలేకుండా ఉన్నాడు. తనకు వేరే ఏమీ వద్దన్నాడు. రాజుగారి ముందు అన్న తన పేరు చెబితే చాలన్నాడు."

కొమరయ్య ఇంటికి వచ్చి మళ్ళీ పద్యం ముందు కూర్చున్నాడు. పేరు తీసేశాడు. ఆ ఖాళీలో వెన్నెల పెట్టాడు. వెన్నెలకు తోడు కలువలు వచ్చాయి. కలువలకు తోడు మల్లెలు. మాటలు వాటంతటవే వచ్చి సర్దుకుంటుంటే అతనికి, చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది, కాస్త సంతోషం కూడా కలిగింది. పంతులుగారికి చూపించకుండానే సభకు బయలుదేరాడు.

మూడోసారి సభలో ఇలా చదివాడు:

చంద్రు కాంతి వోలె జనులకు వెలుగిచ్చి
కలువ కొలను నందు కళలు నింపి
మల్లెపూల వంటి మనసున్న మారాజ
నీదు కీర్తి నిండె నిఖిల జగతి

పండితుడి వేళ్ళు ఎక్కడా ఆగలేదు. సభ చప్పట్లతో దద్దరిల్లింది. రాజు స్వయంగా లేచివచ్చి అతని భుజాన శాలువా కప్పాడు.

"భేష్! అందరూ అది కావాలి, ఇది కావాలి అని వస్తారు. నువ్వొక్కడివే ఏమీ అడగలేదు. కవి అంటే నువ్వేనయ్యా!"

కొమరయ్య చేతులు జోడించాడు. "మారాజా, తమ్ముడు... నా తమ్ముడు..."

"తమ్ముడా? పద్యంలో తమ్ముడెక్కడున్నాడు?" అన్నాడు రాజు.

"కుండ నేను చేశాను దొరా, వాడికేమీ తెలియదు, వాణ్ణి..."

"ఇది పద్యం కాదు," అన్నాడు పండితుడు. భటులు కొమరయ్యను మర్యాదగానే బయటికి సాగనంపారు. శాలువా కప్పించుకున్నవాడు కదా.

కావలివాడు జాలిపడి లోపలికి పోనిచ్చాడు. యల్లమంద తడినేల మీద పడి ఉన్నాడు. అన్న తన శాలువా తీసి అతనికి కప్పాడు.

"అన్నా, నా పేరు చెప్పావా?"

"చెప్పానురా."

"ఏమన్నారు?"

"విడిచిపెడతామన్నారురా."

యల్లమంద కళ్ళు మూసుకున్నాడు. పొద్దు వాలకముందే పోయాడు.

చితి అంటుకుంది. కొమరయ్య నోరు తెరిచాడు. అన్నాళ్ళూ గొంతులో అడ్డుపడిన మాట అప్పుడు ఒక్కసారిగా బయటికి వచ్చింది.

"యల్లమంద కాదు, అన్నదే ఆ తప్పు!"

అరుస్తుండగానే అతని వేళ్ళు అలవాటు కొద్దీ మడుచుకున్నాయి. గురువు, లఘువు. గురువు, లఘువు. గణాలన్నీ సరిపోయాయి. మొదట్లో 'య' ఉంది, నడుమ దాని చుట్టమైన 'అ' వచ్చింది. యతి కలిసింది. అది ఆటవెలదికి మొదటి పాదం. ఆ పాదంలో పేరు పట్టింది, తప్పు ఎవరిదో కూడా పట్టింది, అన్నా తమ్ముడూ ఇద్దరూ పట్టారు. ముందుగా తమ్ముడి పేరుతో మొదలుపెట్టి ఉంటే సరిపోయేది. అతను మాత్రం చంద్రుడితో మొదలుపెట్టాడు.

మిగిలిన మూడు పాదాలు కొమరయ్య ఎన్నడూ కూర్చలేదు. ఎవరికోసం కూర్చాలి? చంద్రవీడులో ఆ ఆచారం మాత్రం ఆ తరవాత కూడా చాలాకాలం నడిచింది.

కాబట్టి పిల్లలూ, మాటకు అందం దిద్దేవాడైనా, ఆ అందాన్ని మెచ్చుకునేవాడైనా, ఆ మాట ఎవరి ప్రాణం కోసం పుట్టిందో ముందు చూడాలి.