దొర బదులు పథ్యం

కష్టమైన పనేదైనా మరొకడి చేత చేయించడం దుగ్గరాజు జమీందారుకి సిగ్గులేని అలవాటు. జపం పురోహితుడు చేసేవాడు, ఉపవాసం వంటవాడు ఉండేవాడు, పుణ్యం మాత్రం దొరది.

ఒకనాడు దొరకి తల తిరిగి కళ్లు బైర్లు కమ్మాయి. వైద్యుడు నాడి పట్టుకుని, "నెత్తురు పోటు మీదుంది ప్రభూ. ఉప్పూ ఊరగాయా తగ్గించండి, పొద్దున్నే నడవండి" అన్నాడు.

"ఓస్, అంతేనా!" అని దొర నీళ్లు మోసే పైడయ్యని పిలిపించాడు. "ఒరే, ఇవాళ్టినుంచి నా బదులు నువ్వు చప్పిడి జావ తాగి, కోట చుట్టూ నడువు. పున్నమికి నా తల తిరగడం తగ్గకపోతే నీ వీపు చీరేస్తా!"

పైడయ్య ఎండలో కావడి మోసి, చప్పిడి జావ తాగి, కాళ్లీడ్చుకుంటూ నడిచాడు. దొర మాగాయా అప్పడాలూ లాగిస్తూనే ఉన్నాడు. పున్నమినాటికి దొర తల బొంగరంలా తిరుగుతోంది.

"వీడు దొంగచాటుగా ఉప్పు తిన్నాడు! కొరడా తెండిరా!" అని భోజనానికి కూర్చోబోతూ అరిచాడు దొర.

నీళ్లచెంబు పెట్టడానికి వచ్చిన పైడయ్య చటుక్కున దొర పీట మీద కూర్చుని, విస్తట్లో ఉన్న ఆవకాయన్నం, వడియాలు, పులుసు అన్నీ ఊడ్చేశాడు.

"ఒరే గాడిదా! అది నా భోజనంరా!"

"మీదేనండి. మీ బదులు తిన్నాను. కడుపు నిండిందా దొరా?"

"నువ్వు తింటే నాకెలా నిండుతుందిరా!"

"మరి నేను పథ్యం చేస్తే మీ తల ఎలా కుదురుతుందండీ? ఉప్పు తిన్న నోరు మీది, దెబ్బలు తినే వీపు నాదా?"

కొరడా తెచ్చినవాడే ముందు ఫక్కున నవ్వాడు. దొర కొరడా వెనక్కి పంపేసి, "ఇప్పుడు నేనేం తినాలిరా?" అన్నాడు నీరసంగా.

"వంటింట్లో నా చప్పిడి జావ ఉందండి. అది మాత్రం మీరే తాగాలి. నా కడుపులో ఇక చోటు లేదు."