లేచినమ్మ గుంటలో పిడికెడు మన్ను

గోదావరి గౌతమి పాయలో, రెండు గట్లకూ నడిమధ్యన గువ్వలలంక ఉంది. రేవులో పంటు దిగి, అరటితోటల మధ్య కాలిబాటన తూర్పుకు పావుగంట నడిస్తే సమాధుల తోట వస్తుంది. అందులో సున్నం వేసిన చిన్న మందిరం, దాని ముందు నాలుగు స్తంభాల మీద రేకుల కప్పు, కప్పు కింద ఒక గొయ్యి కనిపిస్తాయి. ఆరడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, నిలువెత్తు మీద జానెడు లోతు. దీనినే లేచినమ్మ గుంట అంటారు. ఇక్కడికి వచ్చే భక్తులు కొవ్వొత్తి వెలిగించడానికి ముందే నిచ్చెన దిగి, గుంట అడుగు నుంచి పిడికెడు మన్ను తీసి, రాలిపోకుండా పట్టుకుని పైకెక్కి బయట పోస్తారు. లోకమంతటా ఆప్తులు గోతిలో మన్ను వేస్తారు గదా, ఇక్కడ తీయడమేమిటని కొత్తవారు అడుగుతారు. ఆ జవాబు చెప్పడానికే ఈ చిన్న పుస్తకం.

వ్రాస్తున్న నా పేరు తాడి జెకర్యా, వయస్సు ఎనభై నాలుగు. ఆనాటి సంగతికి సాక్షులలో మిగిలినవాడివి నువ్వే తాతా అని సంఘపెద్దలు ఈ పని నాకు అప్పగించారు. ఈ తోటలో నలభై ఏళ్ళు గోతులు తవ్వాను. గౌతమి రెండు గట్ల మీదా నాలాంటి పారగాడు పుట్టలేదు, ఇక పుట్టడు. నిలువెత్తు గొయ్యి గంటంబావులో తీసేవాణ్ణి. నేను తవ్విన గోతి గోడ మీద అరచేత్తో రాస్తే అద్దం తుడిచినట్టు ఉండేది. ఒకసారి తుపానులో, కొబ్బరిమట్టలు నెత్తిన పడుతుండగా, ఒంటి చేత్తో మూడు గోతులు తవ్వాను. రెండో చేత్తో ఏం చేశావని అడిగేవారుంటే, గొడుగు పట్టుకున్నాను.

పూర్వం ఇక్కడ మందిరం లేదు, కప్పు లేదు. ఇసుకమేట మీద జమ్ము పెరిగి, నడుమ వరుసగా శిలువ కర్రలు ఉండేవి. యాభై మూడేళ్ళ కిందట రోహిణి కార్తెలో లంకలోకి విషజ్వరం వచ్చింది. ఇంటికి ఒకరు మంచం పట్టారు. ఆ జ్వరంలోనే, పంటు తోలే ఇజ్రాయేలు భార్య సువార్తమ్మ ఒక ఉదయం కన్నుమూసింది. నా భార్య నయోమికి ఆమె వరుసకు చెల్లెలు, నన్ను మాత్రం అన్నయ్యా అనే పిలిచేది. వైద్యుడు ఏటి అవతల ఉన్నాడు. మా సంఘకాపరి ఎలీషా అయ్యగారు వచ్చి ప్రార్థన చేశారు. ఆడవాళ్ళు ముక్కులో దూది పెట్టారు. నేను పార భుజాన వేసుకుని తోటకు వచ్చాను.

గొయ్యి నడుము దాకా మామూలుగానే దిగింది. ఆ కింద ఎన్నడూ లేనిది, నీలం జిగురు మన్ను తగిలింది. పార దిగితే రాదు, వస్తే మన్ను పారను వదలదు. ఇంతలో పెట్టె తెచ్చి గట్టున దించారు. కడసారి చూపు కోసం మూత తీసి ఉంచారు. మిట్టమధ్యాహ్నం ఎండ. నేను ఇంకా గోతిలోనే ఉన్నాను.

"ఏమయ్యా గంటంబావు మొనగాడా, రెండు గంటలు దాటింది. మమ్మల్ని కూడా ఇక్కడే పూడుస్తావా?" అన్నాడు పెట్టె మోసినవాళ్ళలో ఒకడు.

"నీ కోసం వెడల్పు చెయ్యాలి గదరా, అందుకే ఆలస్యం," అన్నాను. వాడు పది మణుగుల మనిషి.

ఆ మాట అన్న తరువాత మరో అరగంట పట్టింది. పైన పాట పాడుతున్నారు. ఆ పాట ఒక మాట మధ్యలో తెగిపోయింది. దడదడ పరుగులు వినిపించాయి. గట్టు ఇసుక జారి నా నెత్తిన పడింది. ఎవరో ఏట్లో దూకిన చప్పుడు, ఆ వెంటనే ఇంకొకరు. తరువాత ఆడగొంతు వినిపించింది.

"ఈ ఎండలో నన్ను పడుకోబెట్టిన దొంగసచ్చినోళ్ళెవరే?"

భక్తులు నన్ను క్షమించాలి. ఈ యాభై మూడేళ్ళూ నేను ఈ కథను వేరుగా చెప్పాను. మెరుపు దిగిందన్నాను. పెట్టె గాలిలోకి మూరెడు లేచిందన్నాను. నేనే ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టానన్నాను. ఈ మాటలు పాత కరపత్రంలో అచ్చయ్యాయి కూడా. వాటిని ఇక్కడ కొట్టివేస్తున్నాను. ఆమె లేచినప్పుడు నేను గోతిలో ఉన్నాను. నాకు కనిపించింది ఆరడుగుల ఆకాశం. మిగిలిన ఒకే సాక్షిని నేను, నేను చూడలేదు.

నేను చూసింది ఆ తరువాతది. గట్టు మీద నుంచి ఒక ముఖం లోపలికి వంగింది. మెళ్ళో బంతిపూల దండ వేలాడుతోంది. ముక్కులో ఒక పక్క దూది ఇంకా ఉంది.

"ఎవరి కోసం అన్నయ్యా ఇది?" అంది సువార్తమ్మ.

ఏ మాటకైనా తడుముకోని నోరు నాది. ఆ రోజు తడుముకుంది. "ఎవరికీ కాదు చెల్లెమ్మా, ఊరికే కొలత చూస్తున్నాను," అన్నాను.

అది ప్రభువు మహిమ అని ఎలీషా అయ్యగారు అన్నారు. సమాధిలో నాలుగు దినాలున్న వాణ్ణి పేరు పెట్టి పిలిచి లేపినవానికి ఇది ఎంత పని అన్నారు. ఏటి అవతలి వైద్యుడు మరునాడు వచ్చి, జ్వరానికి నాడి అందనంత సన్నబడి ఉంటుంది, ప్రాణం పోలేదు అన్నాడు. లంకంతా పండుగ చేసుకుంది. నేను ఇంటికి పోయి గోడకేసి తిరిగి కూర్చున్నాను.

ఎందుకో చెబుతాను. పదకొండు దినాల ముందు అదే జ్వరంలో నా కూతురు కెజియా పోయింది. దానికి ఆరేళ్ళు. అదే అయ్యగారు అదే ప్రార్థన చేశారు. ఎండలు గట్టిగా ఉన్నాయి, ఆలస్యం వద్దన్నారు. చిన్న గొయ్యి గదా, ముప్పావు గంటలో తీశాను. నా బిడ్డకు వంకర గోడ ఉండకూడదని అద్దంలా తీశాను. పెట్టె గట్టున ఆగిందో లేదో, దించి పూడ్చాము. అంత వేగంగా నేను మరి ఎన్నడూ తవ్వలేదు.

అయ్యగారి మాట నిజమైతే, ప్రభువు సువార్తమ్మను పిలిచాడు, నా పిల్లను పిలవలేదు. వైద్యుడి మాట నిజమైతే, సువార్తమ్మను నీలం జిగురు కాపాడింది, నా పిల్లను నా వేగం... ఆ వాక్యం నేను ఇప్పటికీ పూర్తి చేయలేను. ఒక మాట పట్టుకుంటే ప్రభువు మీద కోపం వస్తుంది, రెండోది పట్టుకుంటే నా చేతుల మీద వస్తుంది. రెండు నెలలు పార ముట్టలేదు. సువార్తమ్మ ఎదురొస్తే దారి మార్చాను. నయోమితో కూడా ఏమీ అనలేదు.

శ్రావణంలో వరద వచ్చింది. అలాంటి వరద గోదావరి పుట్టినప్పటి నుంచీ రాలేదు. కొబ్బరి మొవ్వుల్లో చేపలు గుడ్లు పెట్టాయి. మా ఇంటి దూలం మీద నేను ఒక మొసలితో మూడు పూటలు ఎదురెదురుగా కూర్చున్నాను. మొదట చూపు తిప్పుకున్నది అదే. నీరు తీశాక తోటకు వెళ్ళి చూస్తే శిలువ కర్రలు లేవు, మట్టిదిబ్బలు లేవు. ఎవరూ పడుకోని సువార్తమ్మ గొయ్యి ఒండ్రుతో పూడి నడుము లోతే మిగిలింది. కెజియా చోటు మాత్రం నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు. ఒక సాయంత్రం పార తీసుకుని అక్కడికి వెళ్ళాను. పిల్ల మేము పెట్టినట్టే పడుకుని ఉందా, లేక పక్కకు తిరిగిందా, అది తెలియాలి. అంతకుమించి నాకు ఏ కోరికా లేదు.

పార ఎత్తేసరికి సువార్తమ్మ వచ్చి ఆ చోటు మీద కూర్చుంది. నయోమి పంపిందో, తనే వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

"లే," అన్నాను.

"ఒకసారి లేచాను, చాలు. కావాలంటే నా మీంచి తవ్వు."

"నువ్వు అక్కడికి వెళ్ళొచ్చావు గదా. నా పిల్ల కనిపించిందా?"

"నాకేమీ గుర్తు లేదు అన్నయ్యా. పడుకున్నాను, ఎండ తగిలింది. మధ్యన ఏమీ లేదు." మెల్లగా అంది: "కనిపించింది, తెల్ల గౌను వేసుకుంది, నవ్వుతోంది అని చెప్పమంటావా? నీ కోసం చెప్తాను. బైబిలు పట్టుకుని ప్రమాణం కూడా చేస్తాను."

"వద్దు చెల్లెమ్మా. ఈ లంకకు అబద్ధాలు నేను చెప్పేవి చాలు."

అప్పుడు ఆమె ఏడ్చింది. ఏడ్చి, "నిజం ఒక్కటే చెప్పగలను. పెట్టెలో ఉన్నంతసేపూ నాకు భయం వేయలేదు. ఊపిరాడనట్టు లేదు. ఎవరినీ పిలవాలనిపించలేదు," అంది. తరువాత లేచి నా చేతిలోని పార లాక్కుని అవతల పారేసింది. నా మణికట్టు పట్టుకుని ఒండ్రు పూడిన తన గోతి దగ్గరికి తీసుకుపోయింది. "నీ చేతులు ఊరుకోవు. తవ్వాలని ఉంటే నాది తవ్వు. ఇందులో ఎవరూ లేరు. ఎంత తవ్వినా నీకు కనిపించకూడనిది కనిపించదు," అని తనే వంగి మొదటి పిడికెడు మన్ను తీసి బయట పోసింది.

రెండో పిడికెడు నేను తీశాను. మూడో పిడికెడు మరునాడు నయోమి తీసింది. ఆ జ్వరంలో పిల్లల్ని పోగొట్టుకున్న తల్లులు ఒక్కొక్కరే వచ్చారు. పారతో తవ్వవద్దు, చేత్తోనే తీయాలి అని సువార్తమ్మ చెప్పింది. నీలం జిగురు కనిపించేసరికి ఈస్టరు వచ్చింది. మళ్ళీ శ్రావణంలో గోదావరి పూడ్చింది, మళ్ళీ తీశాము. ఆచారం అలా నిలిచింది.

ఆ ఏడాది నుంచి నేను ఎవరికీ తొందరగా గొయ్యి తవ్వలేదు. గంటంబావు మొనగాడికి గొప్ప సోమరిపోతని పేరు వచ్చింది. మాట పడ్డాను గాని వేగం పెంచలేదు. ఈ లంకలో ఈ రోజుకీ మూత తీసిన పెట్టె గోతి గట్టున అరగంట ఆగుతుంది. సువార్తమ్మ మరో ముప్పై ఒక్కేళ్ళు బ్రతికి, మనవళ్ళను ఎత్తుకుని, ఒక మాఘమాసంలో మళ్ళీ కన్నుమూసింది. ఆమె కోరిన ప్రకారం కెజియా పక్కనే గొయ్యి తీశాను. ఉదయం మొదలుపెట్టి పొద్దు వాలేదాకా తవ్వాను. ఎవరూ తొందరపెట్టలేదు. పెట్టె గట్టున ఉంది. గోతిలోంచి రెండుసార్లు పేరు పెట్టి పిలిచాను. పైనుంచి ఇజ్రాయేలు వంగి, "ఇక ఎక్కిరా బావా," అన్నాడు.

ఈ గుంట మహిమ వల్ల పోయినవారు లేచారని నేను సాక్ష్యం ఇవ్వలేను. సువార్తమ్మ తరువాత ఎవరూ లేవలేదు. ఆమె అయినా చనిపోయి లేచిందా, చనిపోకుండా లేచిందా అని అడిగితే, నాకు తెలియదు. ఏటేటా ఒక జవాబు అనుకుంటాను, మరుసటి ఏడు మారుస్తాను. కానీ బిడ్డను పూడ్చిన చేతులతో ఏం చేయాలో తెలియక వచ్చిన తల్లులు, తండ్రులు ఇక్కడ పిడికెడు మన్ను తీసి, పంటు ఎక్కేటప్పుడు పక్కవారితో మాట్లాడడం చూశాను, అలా వేల మందిని. ఈ వేల మాట మాత్రం పెంచి చెప్పింది కాదు. పోయినవారు ఎందరుంటే అన్ని పిడికిళ్ళు తీయవచ్చు, పేరు పైకి చెప్పనవసరం లేదు. ఏ మతం వారైనా తీయవచ్చు. పార తేకూడదు.

ఈస్టరు ఉదయం పొద్దు పొడిచాక, అడుగు కనిపించిందో లేదో చెప్పవలసినవాణ్ణి నేను. నిచ్చెన దిగి, నీలం జిగురు మీద అరచేయి ఆనించి కేక వేస్తాను. పైన పాట అందుకుంటారు. గట్టు చుట్టూ ముఖాలు, వాటి మధ్యన ఆరడుగుల ఆకాశం. పాట అయ్యాక, "ఎక్కిరా తాతా," అంటారు. కాసేపు ఆగండి అంటాను. అరగంట ఆగుతారు. ఎందుకని ఇంతవరకు ఎవరూ అడగలేదు.