తీగ తెంచిన మీటరు

కూర్మయ్య మేస్త్రిని ఏదైనా అడిగితే నోటితో జవాబు చెప్పేవాడు కాదు. చేతిలో పానా పెట్టి, షెడ్డులో ఉన్న ఏదో ఒక బండి వైపు చూపించేవాడు. అడిగినదానికీ ఆ బండికీ ఉన్న సంబంధం ఏమిటో తేల్చుకోవడం అడిగినవాళ్ల పని. శృంగవరపుకోటలో, అరకు ఘాట్ వైపు వెళ్లే రోడ్డు పక్కన ఆయన షెడ్డు. ఆరేళ్లుగా అక్కడ పని చేస్తున్న గౌరీశ్వరికి ఈ అలవాటు తెలుసు. తెలిసీ ఒక శుక్రవారం పొద్దున్న వస్తూనే అడిగింది.

"మేస్త్రిగారూ, కోపం చంపుకోవడం ఎలాగండి?"

ఆమె ఊరికే అడగలేదు. అంతకుముందు ఆదివారం మెకానిక్కుల సంఘం సమావేశంలో పెద్ద గొడవ జరిగింది. సంఘం అధ్యక్షుడు జోగారావు ఒక టమాటా రైతు బండికి పాత నీళ్ల పంపు రంగేసి కొత్తదని చెప్పి బిగించాడు. ఘాట్ మధ్యలో పంపు పోయి, సరుకంతా బండిలోనే కుళ్లిపోయింది. ఆ పంపు విప్పింది గౌరీశ్వరే. నలభైమంది ఎదుట లేచి నిలబడి ఆ మాట అంది. అనేటప్పుడు గొంతు పెరిగింది, పంపును ఎత్తి బల్ల మీద వేసేసరికి బల్ల అద్దం పగిలింది. అంతే. ఆ క్షణం నుంచి పంపు సంగతి అందరూ మరిచిపోయారు. ఆడపిల్లకి అంత వేడేమిటన్నారు. వచ్చే సమావేశంలో క్షమాపణ చెప్పకపోతే సంఘం నుంచి పేరు తీసేస్తామన్నారు. పేరు తీసేస్తే ఊళ్లో ఏ దుకాణంలోనూ ఆమెకు స్పేరు పార్టు దొరకదు. ఐదు రోజులుగా గౌరీశ్వరికి అన్నం సహించడం లేదు. తప్పు నిజంగా తన కోపంలోనే ఉందేమోనని ఆమెకే అనుమానం మొదలైంది.

మేస్త్రి ఆమె మాట విన్నాడు. పానా అందించి, గుమ్మం ముందు ఆగి ఉన్న పాత వ్యాన్‌ను చూపించాడు.

ఆ వ్యాన్ హైమవతి టీచర్‌ది. ముప్ఫై ఏళ్లు జాగ్రఫీ చెప్పి రిటైరైన మనిషి. అన్నేళ్లూ పటం మీద వేలు పెట్టి పిల్లలకు చూపించిన కొండలనూ నదులనూ స్వయంగా చూడాలని ఈ వ్యాన్ కొంది. లోపల మడత మంచం, చిన్న గ్యాస్ పొయ్యి, గిన్నెల అర పెట్టించుకుంది. చదునైన రోడ్డు మీద ఎంత దూరమైనా వెళ్తుంది. కొండెక్కితే చాలు, ఇంజను మరిగి ఆవిరి కక్కుతుంది.

"మూడు షెడ్లవాళ్లు చూశారమ్మా," అంది టీచర్. "రేడియేటర్ మార్చారు, ఇంజను హెడ్ పోయిందన్నారు, చివరికి తూకానికి అమ్మేయమన్నారు. నేను అమ్మను. మీరూ అదే చెప్పేలా ఉంటే ఇప్పుడే చెప్పండి, ఇంకో షెడ్డు వెతుక్కుంటాను."

గౌరీశ్వరి పనిలో దిగింది. ఆయిల్ మూత విప్పి చూసింది. హెడ్ పోయి ఉంటే నీళ్లు కలిసి ఆయిల్ పాలలా తెల్లబడాలి. తెల్లబడలేదు. పొగ కూడా మామూలుగానే ఉంది. ఫ్యాన్ బెల్టు బిగువుగా ఉంది, నీళ్లు ఎక్కడా కారడం లేదు. గంటసేపు ఇంజను నడుస్తూ ఉంచినా ఆవిరి రాలేదు. కానీ ఆ గంటలో వేడి చూపించే మీటరు ముల్లు కూడా అడుగు నుంచి కదల్లేదు. అనుమానం వచ్చి డాష్‌బోర్డు వెనక చెయ్యి పెట్టింది. మీటరు తీగ కత్తిరించి ఉంది.

"అదా? జోగారావుగారు తీసేశారు," అంది టీచర్. "ముల్లు ఎర్రగీత మీదికి పోతుంటే నాకు కంగారుగా ఉందన్నాను. ఇక కంగారుండదు, హాయిగా తోలుకోండి అన్నారు."

గౌరీశ్వరి చెవులు ఎర్రబడ్డాయి. తెగిన తీగ మళ్లీ కలిపింది. తర్వాత మేస్త్రితో, "బండికి ఏమీ లేదండి. అన్నీ సరిగ్గానే ఉన్నాయి," అంది.

"నీడలో నిలబెట్టి అడిగితే ఏ బండైనా బాగానే ఉన్నానంటుంది," అన్నాడు మేస్త్రి. "కొండెక్కించు."

ముగ్గురూ బయలుదేరారు. గౌరీశ్వరి తోలుతోంది. బొడ్డవర దాటి ఘాట్ మొదలయ్యేసరికి ముల్లు లేచింది. మొదటి మలుపు, రెండో మలుపు. ముల్లు సగం దాటింది. టీచర్ ముందు కమ్మీ గట్టిగా పట్టుకుని ఆపేద్దామా అంది. గౌరీశ్వరికీ అలాగే అనిపించింది. మేస్త్రి మాత్రం కిటికీలోంచి చెట్లు చూస్తున్నాడు. ముల్లు ఎర్రగీతను ముట్టుకోబోయే ముందు, వెడల్పుగా ఉన్న ఒక మలుపులో ఆమె బండిని పక్కకు తీసింది. ఇంజను ఆపలేదు. హ్యాండ్ బ్రేకు వేసి, టీచర్‌ను స్టీరింగ్ ముందుకు జరగమని, చక్రాల కింద రాళ్లు పెట్టి, రోడ్డు మీద వెల్లకిలా పడుకుని బండి కిందికి చూసింది.

"టీచర్‌గారూ, యాక్సిలరేటర్ తొక్కండి! ఇంకా! గట్టిగా!"

ఇంజను అరిచింది. అప్పుడు కనబడింది. రేడియేటర్ నుంచి ఇంజనుకు చల్లటి నీళ్లు తీసుకెళ్లే కింది రబ్బరు పైపు, పంపు పీల్చిన పీల్పుకు గోడలు రెండూ అతుక్కుపోయి చపాతీలా అయిపోయింది. టీచర్ కాలు తీయగానే మళ్లీ గుండ్రంగా, ఏ పాపం ఎరగనట్టు ఉబ్బింది. లోపల ఉండాల్సిన తీగ చుట్ట లేని నాసిరకం పైపు ఎవరో బిగించారు. మెల్లగా నడిచినంతసేపు నీళ్లు పారతాయి. ఇంజనుకు అసలు నీళ్లు కావాల్సిన చోట, ఎత్తు ఎక్కేటప్పుడు, దారి మూసుకుపోతుంది. అది మరగక ఏం చేస్తుంది?

ఇంజను ఆపేశారు. రేడియేటర్ మూత మీద చెయ్యి ఆనించగలిగేదాకా దాన్ని విప్పకూడదు. ఈలోగా గౌరీశ్వరి కిందికి పోయే జీపు ఎక్కి ఊళ్లోకి వెళ్లి, సరైన పైపు తెచ్చింది. తిరిగొచ్చేసరికి టీచర్ వ్యాన్‌లో పొయ్యి వెలిగించి టీ కాచింది. గ్లాసు అందుకుంటూ గౌరీశ్వరి, "మేస్త్రిగారూ, పొద్దున్న నేనడిగింది…" అంది.

"టీలో పంచదార తక్కువైంది టీచరమ్మా," అన్నాడు మేస్త్రి.

పైపు బిగించి, నీళ్లు నింపి, మళ్లీ ఎక్కారు. ఈసారి స్టీరింగ్ టీచర్‌దే. ముల్లు లేచింది, నడిమికి వచ్చింది, అక్కడ నిలబడింది. ఎన్ని మలుపులు తిరిగినా అక్కడి నుంచి కదల్లేదు. అనంతగిరిలో కాఫీ తోటల పక్కన బండి ఆగాక టీచర్ చాలాసేపు దిగలేదు. స్టీరింగ్ మీద రెండు చేతులూ ఉంచి, అద్దంలోంచి కొండలను చూస్తూ కూర్చుంది.

ఆదివారం సంఘం గది నిండిపోయింది. మేస్త్రి వెనక వరుసలో కూర్చున్నాడు. జోగారావు గౌరీశ్వరిని పిలిచి, చెప్పవలసింది చెప్పమన్నాడు. ఆమె లేచింది. ఒళ్లంతా వేడిగానే ఉంది. కానీ గొంతు పెంచలేదు.

"అద్దం పగలగొట్టినందుకు క్షమించండి. కొత్తది వేయించాను. ఇక పంపు సంగతి," అంది. ఏ బండికి ఏ రోజు బిగించారో, రంగు కింద ఏ నంబరు ఉందో, ఆ రైతు ఏ మలుపులో ఆగిపోయాడో నిదానంగా, ఒక్కొక్కటిగా చెప్పింది. గది చివరిదాకా వినబడింది. ఆ రైతును లోపలికి పిలిచి తన పక్కన నిలబెట్టింది. దాని తర్వాత టీచర్ వ్యాన్ మీటరు తీగ సంగతి కూడా చెప్పింది. "క్షమాపణ ఎవరు చెప్పాలో మీరే చూసుకోండి. నా పేరు కొట్టేస్తే కొట్టేయండి. పార్టులు విజయనగరం నుంచి బస్సులో తెచ్చుకుంటాను."

ఈసారి ఎవరూ ఆమె గొంతు గురించి మాట్లాడలేదు. ముందు వరుసలో ఒక ముసలి మెకానిక్కు, "ఆ పంపేదీ, చూపించమ్మా," అన్నాడు. పంపు ఒక చేతి నుంచి ఇంకో చేతికి గది అంతా తిరిగింది. పేరు కొట్టేయాలని చెయ్యెత్తినవాళ్లు ఏడుగురే. ఆ రైతుకు నష్టం కట్టిస్తామని సంఘం ఇంకా ఒప్పుకోలేదు. వచ్చే సమావేశంలోనూ ఇదే అడుగుతానని గౌరీశ్వరి చెప్పి బయటికి నడిచింది.

జోగారావు గుమ్మం దగ్గర మేస్త్రికి అడ్డం వచ్చాడు. "చల్లబరుస్తావని నీకు వదిలేస్తే ఇదా కూర్మయ్యా నువ్వు నేర్పింది? ఆ పిల్లకి వేడి కొంచెం కూడా దిగలేదు."

మేస్త్రి చెప్పుల్లో కాళ్లు దూర్చుకున్నాడు.

"కొండ దిగే బండ్లే వేడెక్కవు, జోగారావూ," అన్నాడు.