కలువాకు పళ్లెం

ఒకప్పుడు కలువాకుకి చీలిక లేదు. గుండ్రంగా, చుట్టూ అంచు లేచి, అచ్చం అన్నం తినే పళ్లెంలా ఉండేది.

ఆ పళ్లెమంటే కలువకి ఎంత గొప్పో! వాన పడితే చాలు, చుక్క కింద పోకుండా పట్టి దాచుకునేది.

"నీళ్లల్లో పుట్టి నీళ్లల్లో బతుకుతున్నావు, మళ్లీ దాచుకోడానికి నీళ్లేంటే నీకు?" అని పీత ఒకటే నవ్వు.

"చెరువు నీళ్లు బురద కంపు. వాన నీళ్లు తియ్యగా ఉంటాయి. బురదలో దొర్లేదానివి, నీకేం తెలుసు!" అనేది కలువ.

ఆ ఏడు ఒక నీటికోడి వచ్చి ఆ ఆకు మీద నాలుగు గుడ్లు పెట్టింది. పెట్టి తన దారిన తను పోయింది. పొదిగే పని మొగుడిది. ఆ జాతిలో అంతే. ఆ మొగుడు పొడుగు వేళ్లు ముడుచుకుని బుద్ధిగా కూర్చున్నాడు.

ఇంకో రెండ్రోజుల్లో పిల్లలవుతాయనగా వాన దిగింది. కుండలతో కుమ్మరించినట్టు కురిసింది. పళ్లెం నిండింది. ఆకు బరువెక్కి కుంగింది. గుడ్లు సగం మునిగాయి.

"కలువక్కా, అంచు దించవే! నా పిల్లలు చచ్చిపోతారు!" అని ఏడ్చాడు నీటికోడి మొగుడు.

"దించడం చేతనైతేగా! పుట్టినప్పట్నుంచీ ఎత్తే ఉంచాను, బిగుసుకుపోయింది."

పాపం, వాడు ముక్కుతో నీళ్లు తోడాడు. ముక్కుతో తోడితే ఎంత పోతాయి?

పీత పైకొచ్చింది. "నేను కోస్తా. ఒక్క కోత, నీళ్లన్నీ పోతాయి."

"కోస్తే మళ్లీ అతుకుతుందా?" అంది కలువ.

"అతకదు."

"మరి నా వాన నీళ్లు?"

"ఉండవు. నాతోపాటు బురద నీళ్లే తాగాలి."

ఇంతలో ఒక గుడ్డు తేలి అంచు దాకా దొర్లింది. లోపల్నుంచి కిచకిచమని పిల్ల గొంతు.

"కోసెయ్ పీతా! నా మనసు మారకముందే కోసెయ్!"

పీత అంచు దగ్గర కొండి వేసి కరకరా కోసుకుంటూ వచ్చింది. సరదా పుట్టి ఆగదే! కాడ దాకా రాగానే కలువ కేకేసింది. "చాలు, చాలు! నన్ను రెండు ముక్కలు చేస్తావా ఏంటే?"

పీత అక్కడ ఆగింది. నీళ్లు బుడబుడా జారిపోయాయి. అంచు వాలిపోయింది. ఆకు తేలిగ్గా పైకి లేచింది. రెండ్రోజులకి నాలుగు పిల్లలూ బయటికొచ్చి కలువ మీద తైతక్కలాడాయి.

"గోళ్లు గుచ్చుకుంటున్నాయర్రా!" అని కసిరింది గానీ, కలువ ఒక్కదాన్నీ దిగమనలేదు.

అప్పటినుంచే కలువాకు అంచు నుంచి కాడ దాకా చీలి, నీళ్ల మీద చాపలా పరుచుకుని ఉంటుంది. ఎంత వాన పడినా మునగదు. నీటికోడి పిల్లలు ఇప్పటికీ దాని మీదే నడక నేర్చుకుంటాయి.