ఆజ్ఞకు రాని చేపు

కొండవాగు ఒడ్డున ఒక పశువుల మంద ఉండేది. ఆ మందలో తాతల నాటి పద్ధతి ఒకటుంది. ప్రతి తల్లికీ నాలుగు చన్నులు కదా, మూడు సొంత దూడకి, నాలుగోది తల్లిలేని దూడకి. ఆ పద్ధతి ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు, తెలుసుకోవాలని ఎవరికీ తోచలేదు కూడా.

కాటుక అనే గేదె తన నాలుగో చన్ను సిరిమువ్వకి ఇచ్చేది. ఆ పెయ్యదూడ తల్లి వరదలో కొట్టుకుపోయింది. మొదట్లో పరాయి బిడ్డని కాటుక కాలితో నెట్టేసేది. పోనుపోను దాని వాసన అలవాటై, అది రాకపోతే తనకే ఏమీ తోచేది కాదు.

మందకి పెద్దయిన ఆంబోతు ముసలిదైంది. నక్క మెల్లగా దాని పంచన చేరి సలహాలు చెప్పసాగింది.

"ఇదేం న్యాయం తాతా? కాటుక దగ్గర చేరిన దూడ బలుస్తోంది, బక్కావు దగ్గర చేరింది ఎండుతోంది. నాలుగో చన్ను పాలన్నీ ఒకే కుండలో పోయిద్దాం. ముందు కుండ, తర్వాతే సొంత దూడలు. కోతులు పితుకుతాయి, నేను సమంగా పంచుతాను."

ఆంబోతు సరేనంది. కాటుకా కాదనలేకపోయింది. బక్కావు దగ్గరున్న దూడ డొక్కలు తనూ చూసింది మరి.

తల్లిలేని దూడల్ని నక్క తన బొరియ పక్కనే దొడ్లో పెట్టింది. కుండలోంచి ముందు పితికిన కోతులకి, తర్వాత పంచే నక్కకి, అడుగున మిగిలితే దూడలకి. ఆ కుండైనా నిండితేగా! కోతి చెయ్యి పడగానే పొదుగులు బిగుసుకుపోయి, పాలు చేపుకి దిగేవి కావు. దొడ్లోంచి సిరిమువ్వ అరుపు రోజురోజుకీ సన్నబడుతుంటే కాటుకకి గడ్డి సహించలేదు. ఇంకొన్నాళ్లిలాగే సాగితే ఆ బిడ్డ దక్కదు.

కుండ వెలితికి నక్కకో దోషి కావాల్సి వచ్చింది.

"కాటుక ఎగజేపుతోంది తాతా. మంద సొత్తు పొదుగులో దాచుకుంటోంది. వెలి వెయ్యాలి."

మందంతా చేరింది.

"దాచానా?" అంది కాటుక. "అందరి ముందూ పితకమను."

కోతి లాగింది, పీకింది. కుండ అడుగు తడిసిందంతే.

"చూశారుగా" అంది నక్క.

"ఇప్పుడు సిరిమువ్వని వదలమను."

పెయ్య తూలుతూ వచ్చి పొదుగులో మూతి పెట్టి ఒక్క కుమ్ము కుమ్మింది. కాటుక కళ్లు మూసుకుంది. పాలు చేపుకొచ్చాయి. దూడ మూతి పక్కల నురగ కారి నేల తడిసింది. కాటుక దాని వీపు నాకింది. నాలుకకి ఎముకలు తగిలేసరికి ఏడుపాగలేదు.

నక్క తల ఎగరేసింది. "ఓస్, కుమ్మడమేనా కిటుకు? దానికి దూడెందుకు, ఆ పనీ నేనే చూసుకుంటాను" అంటూ వెళ్లి పొదుగులో మూతి దూర్చింది.

కాటుక వెనక్కాలు లేచింది. నక్క ఎగిరి కుండ మీద పడింది. కుండ పెంకులైంది.

"తాతా, నన్ను తన్నింది!"

"పాలిచ్చే గేదె తన్నినా పడాలంటారు కదరా" అంది ఆంబోతు. "పడ్డావుగా, ఇక వెళ్లు."

మంద గొల్లుమంది. కోతులు అప్పటికే చెట్లెక్కేశాయి. నక్క కుంటుకుంటూ వాగు దాటింది. దొడ్లో మిగిలిన దూడలూ బయటికొచ్చి, మునుపు తమకి పాలిచ్చిన తల్లుల దగ్గరికి చేరాయి.

బక్కావు మాత్రం తల దించుకునే ఉంది. "నక్క చెప్పినదాంట్లో ఆ ఒక్కటీ నిజమే వదినా. నా దగ్గర చేరిన బిడ్డ కడుపు నేను నింపలేను."

"ఆ మాట నాకు ముందే చెప్పొద్దూ?" అంది కాటుక. "దాన్నీ ఇటు తోలు. నా కొడుకు కాస్త సర్దుకుంటాడులే."

బక్కావు ఆ దూడని ముట్టెతో ముందుకి నెట్టింది. అది భయపడుతూ భయపడుతూ వచ్చి, సిరిమువ్వ పక్కన కొంచెం చోటు చేసుకుని, కుమ్మింది.

నీతి: కుండ పెట్టడానికి ఆజ్ఞ చాలు, పాలు చేపడానికి మాత్రం ఆపేక్షే కావాలి.